నలభై లక్షల పలకలు

పోయిన వారం అక్కను సర్వీస్ సెంటరు వెనకగదిలో, కొన్నవాళ్ళు నింపి పంపిన రిజిస్ట్రేషన్ కార్డులు నేలమీద పరుచుకుని, వాటి మధ్య వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో రెండు కార్డులున్నాయి. రెండింటి మీదా ఒకే పేరు, ఒకే చిరునామా, ఒకే కోడిగీతల దస్తూరీ. తేదీలకు మాత్రం పద్నాలుగు నెలల తేడా.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ కంపెనీ ఇంతవరకూ రెండు వీడియో గేమ్ కన్సోళ్ళు చేసింది. మొదటిది అక్క డిజైను. లావుగా, బరువుగా ఉంటుంది కనక ఆఫీసులో అందరూ దాన్ని ‘దిమ్మ’ అన్నారు. మూడు లక్షలు అమ్ముడుపోయి అక్కడే చతికిలబడింది. రెండోది సన్నగా, నున్నగా ఉండే ‘పలక’. నాలుగేళ్ళలో నలభై లక్షలు అమ్ముడుపోయాయి. దాన్ని అమ్మిపెట్టిన సేల్స్ మేనేజరు మరెవరో కాదు, అక్క సొంత తమ్ముడే. ఐదేళ్ళ కిందట దిమ్మ తయారీ ఆపేసిన నెలలోనే అక్కను డిజైను నించి రిపేర్లకు మార్చారు. తమ్ముడికి మాత్రం పై అంతస్తులో కిటికీ ఉన్న గది దొరికింది. ఇప్పుడు మూడో కన్సోల్ చెయ్యాలి. అది దిమ్మ దారిన పోవాలా, పలక దారిన పోవాలా తేల్చడానికి కంపెనీ యజమాని పెద్దాయన ఇద్దర్నీ గురువారం పదకొండింటికి రమ్మన్నాడు.

ఆ గురువారం వచ్చింది.

తెల్లారినప్పటినించీ అక్కకు కాలు ఒకచోట నిలవలేదు. గీజరు ఆన్ చేసి స్నానం మరిచిపోయింది. స్నానం చేశాక గీజరు ఆపడం మరిచిపోయింది. సంచీలో జాబితా ఉందో లేదోనని బస్టాపులో రెండుసార్లు, బస్సులో మూడుసార్లు తడిమి చూసుకుంది. ఊళ్ళవారీగా లెక్కలు వేసిన అరవై పేజీల జాబితా. రెండు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని, పేర్లూ చిరునామాలూ సరిపోల్చి తీసింది. ఎన్నిసార్లు కూడినా లెక్క ఒకటే వచ్చింది. అయినా ఎక్కడో పొరబడ్డానేమోనన్న పీకులాట పోవడం లేదు.

లిఫ్టు తలుపులు మూసుకోబోతుండగా ఒక చెయ్యి అడ్డం వచ్చింది. తమ్ముడు. ఇస్త్రీ చొక్కా, చంకలో మెరుస్తున్న కొత్త పలక డబ్బా.

“తిన్నావా అక్కా?”

“తిన్నాను. నువ్వు?”

“ఆఁ.”

ఇద్దరూ అబద్ధమే చెప్పారు. మూడో అంతస్తు దాటుతుండగా తమ్ముడి ఫోను మోగింది. చూసి, నవ్వుతూ స్పీకరు నొక్కాడు.

“ఒరేయ్, అది నీ పక్కనే ఉందా?” అంది అమ్మ గొంతు.

“ఉందమ్మా.”

“ఇద్దరూ వినండి. నేను కన్నది ఇద్దర్ని. మీరు చేసిన డబ్బాల్ని కాదు. వాటికోసం తన్నుకుని సాయంత్రం నా దగ్గరికి పంచాయితీకొస్తే తలుపు తియ్యను. తెలిసిందా?”

“తన్నుకోమమ్మా. మాట్లాడుకుంటాం అంతే” అంది అక్క.

“మీ మాటలే తన్నులకంటే గట్టిగా తగుల్తాయి. అందుకే చెప్తున్నా. పెట్టేస్తున్నా, నా ఆట మధ్యలో ఉంది.”

ఫోను కట్టయింది. అమ్మ ఆట అంటే పేకాట. అక్క ఇంట్లో ఉన్న దిమ్మ మీద రోజుకి నాలుగు గంటలు ఆడుతుంది.

“లోకం మొత్తమ్మీద దిమ్మని అరిగేదాకా వాడింది అమ్మొక్కతే” అన్నాడు తమ్ముడు.

ఎప్పుడూ అనే హాస్యమే. ఎప్పుడూ అక్క నవ్వేది. ఈసారి నవ్వలేదు. లిఫ్టులోంచి ముందు తనే బయటికి నడిచింది.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల. ఆ చివర పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి, రేడియోలు బాగుచేసే కొట్టు నించి ఈ ఏడంతస్తుల దాకా ఎదిగినవాడు. ఎవరిమీదా గొంతు పెంచడు. పెంచాల్సిన పని పడలేదు. ఆయన ముందు ఒకే ఒక కాగితం, బోర్లించి ఉంది. పక్కన గేమ్‌లు తయారుచేసే చిన్న సంస్థ నడుపుతున్న ఆవిడ. మూడో కన్సోల్‌కి మొదటి గేమ్ ఆవిడే రాయాలి కనక, ఆవిడ మాట కూడా వినడానికి పిలిపించారు.

“మొదలుపెట్టండి. ఎవరు గెలుస్తారని కాదు, ఏది నిజమో నాకు తెలియాలి” అన్నాడు పెద్దాయన.

తమ్ముడు లేచాడు. డబ్బాలోంచి పలక తీసి బల్లమీద పెట్టాడు. గదిలో లైట్లన్నీ దానిమీదే వాలాయి.

“నేను పెద్దగా చెప్పేదేం లేదు సార్. నలభై లక్షలు. నలభై లక్షల ఇళ్ళల్లో జనం దీన్ని కోరి తెచ్చుకున్నారు. మంచిది కాకపోతే తెచ్చుకుంటారా? ఒకణ్ణి మోసం చెయ్యొచ్చు, వందమందిని మాయ చెయ్యొచ్చు. నలభై లక్షల మందీ పిచ్చోళ్ళేనా? మూడోది దీని దారిలోనే నడవాలి.”

కూర్చున్నాడు. మాట్లాడింది సరిగ్గా అర నిమిషం. అమ్మకంలో వాడికున్న నేర్పు అదే, ఎక్కడ ఆపాలో తెలుసు.

అక్క లేవలేదు. కూర్చునే మాట్లాడింది.

“బస్సు కిక్కిరిసిపోయిందంటే అది మంచి బస్సని కాదు సార్. ఆ దారిలో అదొక్కటే తిరుగుతుందేమో. పలక వచ్చిన ఏడాది మార్కెట్లో ఇంకో కొత్త కన్సోల్ లేదు. ప్రతి కొట్లో అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టించింది వీడు. దిమ్మకి బల్లకింద చోటు కూడా దొరకలేదు.”

“ఎవరూ ఎక్కని బస్సుకి ఇంజను ఎంత గొప్పదైతే ఏం లాభమక్కా?” అన్నాడు తమ్ముడు. మెత్తగానే అన్నాడు. “ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అమ్ముడుపోకపోతే బీరువాది తప్పా?”

“కాకి పిల్ల కాకికి ముద్దు, అది నాకూ తెలుసు. అందుకే నా నోటిమాట నమ్మమనట్లేదు. ఇది చూడండి.”

సంచీలోంచి జాబితా తీసి మొదటి పేజీ పెద్దాయన ముందుకి జరిపింది. తక్కిన కట్ట తన దగ్గరే ఉంచుకుంది.

“కార్డు నింపి పంపిన పలకలు పన్నెండు లక్షలు. అందులో రెండు లక్షలు అదే ఇంటికి, అదే మనిషికి వెళ్ళిన రెండో పలకలు. మొదటిది కొన్న ఏడాదికి, ఏడాదిన్నరకి కొన్నవి. మన గ్యారంటీ ఎంత? ఏడాది. అంటే ప్రతి ఆరింటిలో ఒకటి, మొదటిది చచ్చిపోతే గతిలేక కొన్నది. మనం దాన్ని అమ్మకం అని రాసుకుని చప్పట్లు కొట్టుకున్నాం. చెడిపోయిన కొద్దీ అమ్ముడుపోయిందిరా నీ పలక.”

గేమ్‌ల ఆవిడ నోట్సు రాసుకుంటున్న పెన్ను ఆగింది. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ పైనించి కిందికి, కిందినించి పైకి చదివాడు. అక్కకు ఐదేళ్ళ తరవాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు.

“రెండోసారి కూడా పలకే ఎందుకు కొన్నారక్కా?” అన్నాడు తమ్ముడు. “ఒళ్ళు మండినవాడు పక్క కంపెనీకి పోతాడు కదా. బూటు కరిస్తే అదే బూటు మళ్ళీ కొంటావా? వీళ్ళు కొన్నారు. అంటే చెడిపోయినా సరే, అదే కావాలనిపించే సుఖమేదో దాన్లో ఉంది. దాన్నేమంటావు? నాణ్యత అనవా?”

“వాళ్ళు కొన్న గేమ్‌లన్నీ దాన్లోనే ఆడతాయి. వేరేది కొంటే అవన్నీ గంగపాలు. కట్టేసిన ఆవు పారిపోలేదని దానికి కొట్టంమీద ప్రేమంటావా?”

“సరే. ఆ మాట ఒప్పుకుంటాను.” తమ్ముడు తన ఫైలు తెరిచాడు. తెరిచి, ఒక్క క్షణం తటపటాయించాడు. అక్క వాడి వేళ్ళకేసి చూసింది. చిన్నప్పుడు పరీక్ష మార్కులు దాచినప్పుడు కూడా వాడి బొటనవేలు ఇలాగే కాగితం మూలని మడిచి విప్పేది. “ఇది చెప్పకూడదనుకున్నాను. దిమ్మలో నువ్వొక గడియారం పెట్టావు. గుర్తుందా? ఎన్ని గంటలు ఆడారో లెక్కపెట్టేది.”

అక్క జాబితా కట్టను దగ్గరికి లాక్కుంది.

“అమ్ముడుపోక కొట్లనించి వెనక్కొచ్చినవి కాదు. జనం వాడి, మోజు తీరి మనకే తిరిగి ఇచ్చేసినవి నాలుగు వేలు గోడౌన్లో ఉన్నాయి. ఆ గడియారాలు చదివించాను. సగానికి సగం మిషన్లు పంతొమ్మిది గంటలు కూడా ఆడలేదు. ఏడాదిలో పంతొమ్మిది గంటలు! దిమ్మ చెడిపోలేదు అంటావు. నిజమే అక్కా. వాడితే కదా, చెడిపోవడానికి.”

ఆ అంకె అక్కకు కొత్త కాదు. దిమ్మ బజార్లో ఉన్న రోజుల్లోనే, మొదటి వంద మిషన్లు తిరిగొచ్చినప్పుడు, తనే గడియారాలు చదివింది. అప్పుడు ఇరవై ఒకటి వచ్చింది. వందే కదా, వందతో ఏం తెలుస్తుందిలే అని కాగితం మడిచి సొరుగులో పడేసింది. మళ్ళీ ఎప్పుడూ చదవలేదు. ఎందుకు చదవలేదో ఐదేళ్ళుగా తనను తాను అడగలేదు.

“నేనొక మాట చెప్పొచ్చా?” అంది గేమ్‌ల ఆవిడ. పెద్దాయన తలూపాడు.

“దిమ్మంటే నాకిష్టం మేడమ్. నిజంగా. లోపల చూస్తే గుడిగోపురంలా ఉంటుంది, ఎక్కడి రాయి అక్కడే. కానీ దానికి గేమ్ రాయాలంటే మా నలుగురికీ ఎనిమిది నెలలు పట్టింది. పలకకి పది వారాలు. దిమ్మకి మొత్తం వచ్చిన గేమ్‌లు పదకొండు. జనం పంతొమ్మిది గంటలే ఆడారంటే మిషను బాగోలేక కాదు, ఆడ్డానికి ఏమీ లేక. మీరు దాన్ని చెడిపోకుండా చేశారు. మాకు మాత్రం కొరుకుడు పడకుండా చేశారు.”

కోపం వస్తే బాగుండునని అక్క ఎదురుచూసింది. రాలేదు. ఆవిడ అన్నదాంట్లో ఒక్క పొల్లు మాట లేదు. మనసు నిదానంగా ఏదో మెట్టు కిందికి దిగినట్టనిపించింది. ఐదేళ్ళు తను మంచిదాన్ని చేశాననీ, లోకం చెడ్డదాన్ని కొన్నదనీ నమ్మి బతికింది. అమ్మకం చూసి నాణ్యత చెప్పలేమన్న మాట నిజమే. కానీ అమ్ముడుపోలేదు కాబట్టే గొప్పది అనుకోవడం కూడా అదే తప్పును తిరగేసి చెయ్యడం.

“అయితే పలక మాత్రం ఎందుకు చస్తోంది?” గేమ్‌ల ఆవిడే మళ్ళీ అడిగింది, మామూలు కుతూహలంతో. “ఆరింటిలో ఒకటంటే ఎక్కువే కదా.”

“ఆ సంగతి ఇప్పుడెందుకులెండి” అన్నాడు పెద్దాయన. “మనం మాట్లాడుకోవాల్సింది మూడోదాని గురించి.”

“ఒక్క నిమిషం సార్. చూపిస్తాను.” అక్క లేచింది. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసింది. “ఎంత సన్నగా ఉండాలో ముందు అనుకుని, తరవాత లోపల సామాను సర్దారు. చిప్పు మీద వేడి లాగే రేకు పల్చబడింది. ఏడాది వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, చిప్పు కింద టంకం విచ్చుకుంటుంది.” బల్లమీది కొత్త పలకను దగ్గరికి లాక్కుంది.

“అది వద్దక్కా!” తమ్ముడి చెయ్యి పలక మీద పడింది. “అది... షోరూం పీసు. సీలుంది. పాతదొకటి పైకి తెప్పిస్తాను, ఉండు.”

“ఏదైతేనేంరా? అన్నీ ఒక తాను ముక్కలేగా.”

“రెండు నిమిషాలు ఆగు. నా మాట విను.”

వాడి గొంతులో ఇందాకటి నునుపు లేదు. అక్క వాడి ముఖంలోకి చూసింది. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. ఆమె వాడి చెయ్యి మెల్లగా తప్పించి, పలకను బోర్లా తిప్పి, సీలు చింపింది. ఆరు స్క్రూలు. అడుగు మూత ఊడి వచ్చింది.

లోపల పల్చటి రేకు లేదు.

దాని చోట చిప్పు మీద దిట్టమైన రాగి బిళ్ళ ఉంది. నాలుగు మూలలా నాలుగు కొక్కేలు, మధ్యలో వంపు తిరిగిన గాడి. ఆ వంపు ఎవరిదో అక్కకు ఒకరు చెప్పక్కర్లేదు. పదహారు నమూనాలు పారేశాక పదిహేడోసారి కుదిరిన వంపు అది. దిమ్మ గుండెకాయ. తన చేతి పని.

“ఇది నాది” అంది.

“నీదే” అన్నాడు తమ్ముడు. తల ఎత్తలేదు. “తిరిగొచ్చేవి ఎక్కువైపోయాయి. ఏం చెయ్యాలో ఫ్యాక్టరీలో ఎవరికీ తోచలేదు. దిమ్మలో ఉన్నది ఉన్నట్టు తెచ్చి పెట్టండి, మా అక్క చేసింది పాడవదు అని నేనే చెప్పాను. అప్పటినించి వేడికి చచ్చిన పలక ఒక్కటీ లేదక్కా. ఒక్కటంటే ఒక్కటి లేదు.”

గంటసేపు తన మీద వాదించి గెలిచినవాడు, తన పనిని అందరికంటే ముందు నమ్మినవాడు ఒక్కడే. ఏడవాలో వాణ్ణి చెంప పగలగొట్టాలో అక్కకు తెలియలేదు. రెండూ చెయ్యకుండా మిషన్ను వెలుతురుకు వంచింది. రాగి బిళ్ళ అంచున ముద్ర వేసిన తేదీ ఉంది. ఆ అచ్చు మొదట పోసిన నెల.

పద్దెనిమిది నెలల కిందటిది.

ఆ నెల ఆమెకు బాగా గుర్తు. సర్వీస్ సెంటర్లకు ఒక ఆర్డరు వచ్చిన నెల. ఇకమీదట కొత్తగా తయారయ్యే పలకల్ని మీరు విప్పకూడదు, సీలుతో నేరుగా ఫ్యాక్టరీకి పంపాలి అని. పని తగ్గిందిలే అని తన మెకానిక్కులు సంబరపడ్డారు. అందుకే కొత్త పలక కడుపు తనెప్పుడూ చూడలేదు. చూడకూడదనే ఆ ఆర్డరు.

“పద్దెనిమిది నెలలుగా తెలుసు” అంది మెల్లగా, ఒక్కో మాటా పేర్చుకుంటూ. “తెలిసి కొత్తవాటిని బాగుచేశారు. అంతకుముందు కొన్నవాళ్ళకి ఒక్క ముక్క చెప్పలేదు. పాడవకముందే తెచ్చిస్తే మేం ఈ రాగి బిళ్ళ వేసి ఇచ్చేవాళ్ళం, పది నిమిషాల పని. వాళ్ళేమో తమ పిల్లలే ఏదో పాడుచేశారనుకుని, తిట్టుకుని, ఇంకోటి కొన్నారు. ఈ జాబితాలో సగం మంది ఆ తరవాత కొన్నవాళ్ళే. ఎందుకు చెప్పలేదురా?”

“చెబితే పలక పరువు పోతుందన్నారు.”

“ఎవరన్నారు?”

తమ్ముడు చింపిన సీలు ముక్కను వేలికి చుట్టుకున్నాడు. వాడు చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఆర్డరు కింద ఉన్న పొడుగాటి సంతకం అక్క కళ్ళముందు కదిలింది. ఆమె తల తిప్పి బల్ల ఆ చివరికి చూసింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, కంగారూ లేదు. గేమ్‌ల ఆవిడ వైపు తిరిగి, “కాసేపు బయట కూర్చుంటారా అమ్మా, టీ చెప్పిస్తాను” అన్నాడు. ఆవిడ అక్కకేసి ఒకసారి చూసి, నోట్సు పుస్తకం గుండెలకు అదుముకుని వెళ్ళిపోయింది. పెద్దాయన తనే లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

వచ్చి, తన కుర్చీలో కాకుండా అక్క పక్క కుర్చీలో కూర్చున్నాడు. అంతసేపూ బోర్లించి ఉన్న కాగితాన్ని వెల్లకిలా తిప్పి ఆమె ముందు పెట్టాడు. మూడో కన్సోల్ ప్రధాన రూపకర్త అని ఉంది పైన. కింద అక్క పేరు టైపు చేసి ఉంది. అడుగున పెద్దాయన సంతకం, నిన్నటి తేదీతో.

“మీరిద్దరూ వాదించుకోకముందే సంతకం పెట్టాను” అన్నాడు. “ఏది మంచి మిషనో నాకు తెలీదనుకున్నావా? నేనూ టంకం పట్టి బతికినవాణ్ణే. మూడోది నీదమ్మా. నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి. ఎవరూ అడ్డం రారు, మీ తమ్ముడితో సహా.”

అక్క ఆ కాగితం మీది తన పేరును చూసింది. దానికోసం ఐదేళ్ళు విచ్చిన టంకాలు అతుకుతూ కూర్చుంది.

పెద్దాయన చెయ్యి చాపాడు. అరచెయ్యి పైకి.

“ఆ జాబితా మాత్రం ఇలా ఇచ్చెయ్యి.”